అతుకు కాదు, కవల

మా నాయన జిగణి వైపు ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాడు. పోయిన సంక్రాంతికి ముందు వారం ఆయన కూలిలో మూడు రోజులది కోసేశారు. కారణం ఒక రాయి. వంటింటి గట్టు కోసమని ఒకాయన గులాబీ రంగు పలక కొనుక్కుని పోయి, రెండో రోజే టెంపోలో తిప్పి పంపించాడు. పగిలిన ముక్కల్ని జిగురేసి అంటించి, పైన మెరుగు పెట్టి తనకు అంటగట్టారని ఆయన గొడవ. ఓనరు చూశాడు. పలకలో అడ్డంగా ముద్దగింజల చార ఒకటి పోతోంది. ఆ చారలో బొటనవేలంత గులాబీ గింజ ఒకటి, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు రెండు సగాలుగా ఉంది. ఒక సగం తళుక్కుమంటోంది, రెండో సగం మసగ్గా ఉంది. ఆ రోజు మెషిను మీద ఉన్నది మా నాయన. ఇంక వేరే విచారణ ఏమీ జరగలేదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నాయన ఒకటే మాట అన్నాడు. "నేను అతుకు పెట్టలేదు పాపా. రాయే అట్లుంది."

నేను నమ్మాను. కానీ నమ్మడం వేరు, ఇంకొకరికి చూపించడం వేరు. "రాయే అట్లుంది" అనే మాటకి అర్థం నాకు ఫిబ్రవరిలో మా జియాలజీ ల్యాబులో దొరికింది. కథలూ కవితలూ చాలా వచ్చాయి, సైన్సు చదివే పిల్లలెవరైనా తెలుగులో ఒక వ్యాసం రాయకూడదా అని మన మేడం క్లాసులో అడిగినప్పుడు నేను చెయ్యెత్తింది అందుకే. తెలుగు నాకు రెండో భాష పేపరు మాత్రమే. తప్పులుంటే దిద్దండి, రాయి విషయంలో మాత్రం నన్ను నమ్మండి.

ముందు ఆ గులాబీ గింజ ఏమిటో చెప్తాను. దాని పేరు ఫెల్డ్‌స్పార్. గ్రానైటులో ముఖ్యంగా మూడు రకాల గింజలుంటాయి. గాజులా బూడిద రంగులో ఉండేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. నల్లగా రేకులు రేకులుగా ఊడేది అభ్రకం. తెల్లగానో గులాబీగానో దిట్టంగా కనిపించేది ఫెల్డ్‌స్పార్. భూమి పైపొరలో సగానికి పైగా ఉండేది ఈ ఫెల్డ్‌స్పారే. మన బాత్రూం టైల్సులో, పింగాణీ కప్పు మీది మెరుపులో కూడా ఇదే కరిగి ఉంటుంది. ఇంత ఎక్కువగా ఉన్నదాని పేరు మనలో ఎక్కువమందికి తెలియదు, బంగారం పేరు మాత్రం అందరికీ తెలుసు. కోలారు వైపు నుంచి వచ్చినవాళ్ళం, మాకు మరీనూ.

ఫెల్డ్‌స్పార్ అనేది ఒక్క ఖనిజం కాదు, ఒక ఇంటిపేరు. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి పందిరిలాంటి అల్లిక ఒకటి కడతాయి. ఆ అల్లిక సందుల్లో పొటాషియం కూర్చుంటే ఒక రకం, సోడియం కూర్చుంటే ఆల్బైట్, కాల్షియం కూర్చుంటే అనార్థైట్. గులాబీ గింజ పొటాషియం రకం. ఆ రంగు ఫెల్డ్‌స్పార్ సొంతం కాదు. కంటికి కనపడనంత సన్నటి ఇనుప తుప్పు నలుసులు లోపల చిక్కుకోవడం వల్ల వస్తుంది.

ఇప్పుడు ఆ ముద్దగింజల చార సంగతి. దాని పేరు పెగ్మటైట్. భూమి లోపల గ్రానైటు శిలాద్రవం చల్లబడుతూ గట్టిపడేటప్పుడు, స్ఫటికాల్లో తొందరగా చోటు దొరకనివన్నీ మిగిలిన ద్రవంలో పోగవుతాయి. నీళ్ళు, ఫ్లోరిన్, బోరాన్, లిథియం ఇట్లాంటివి. చివరికి మిగిలిన ఆ రసం పగుళ్ళలోకి దూరి గట్టిపడితే అదే పెగ్మటైట్. ఇందులో గింజలు అంగుళాల్లో ఉంటాయి, కొన్నిచోట్ల మీటర్లలో కూడా ఉంటాయి. గూడూరు చుట్టుపక్కల నెల్లూరు అభ్రకం గనులన్నీ ఇట్లాంటి పెగ్మటైట్లలోనివే. అంత పెద్ద అభ్రకం రేకులు మామూలు గ్రానైటులో దొరకవు.

గింజలు ఎందుకంత పెద్దవి? నేను ఇంటర్లో బట్టీ పట్టిన జవాబు: నెమ్మదిగా చల్లబడితే పెద్ద స్ఫటికాలు వస్తాయి. పెగ్మటైటు దగ్గర ఆ జవాబు సరిపోదు. అప్పటికే చల్లారిన రాతి పగుల్లోకి దూరిన మూడడుగుల చార, కొండంత గ్రానైటు కంటే త్వరగా చల్లారాలి కదా. కానీ దానిలోనే గింజలు పెద్దవి. అసలు సంగతి ఏమిటంటే, ఆ రసంలో ఉన్న నీళ్ళూ ఫ్లోరిన్ లాంటివీ దాన్ని పలుచన చేస్తాయి, అణువులు సులువుగా కదులుతాయి. పైగా కొత్త స్ఫటికాలకి విత్తనాలు పడటం తక్కువవుతుంది. అవే లడ్లు ముప్ఫైమందికి పంచడం, ముగ్గురికి పంచడం లాంటిది. విత్తనాలు తక్కువైతే ఒక్కోదాని వాటా పెద్దది.

పెగ్మటైట్ అనే పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త హావీ. మొదట ఆయన ఆ పేరు పెట్టింది ఒక ప్రత్యేకమైన రాయికి. అందులో ఒకే పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికం లోపల పలుగురాయి కడ్డీలు బారులు తీరి పెరుగుతాయి. అడ్డంగా కోస్తే ఆ కడ్డీల కొసలు ఎవరో తెలియని లిపిలో రాసినట్టు, పంక్తులు పంక్తులుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో గ్రాఫిక్ గ్రానైట్ అంటారు. తెలుగులో దీన్ని లిపిరాయి అంటే బాగుంటుందని నాకనిపిస్తుంది. మన డిపార్టుమెంటు గుమ్మం పక్కన ఒక ముక్క పెట్టుకోవచ్చు.

జనవరి ఆఖర్లో మా క్లాసుని రామనగర తీసుకెళ్ళారు. షోలే తీసిన కొండలవి, సగంమంది ఫొటోలకే వచ్చారు. ఆ కొండలు క్లోజ్‌పేట్ గ్రానైటు. రామనగర పాత పేరు క్లోజ్‌పేట, దాన్నిబట్టే రాయికి ఆ పేరు. ఈ గ్రానైటు అక్కణ్ణుంచి ఉత్తరంగా బళ్ళారి వైపు సన్నటి పట్టీలా వందల కిలోమీటర్లు పోతుంది. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం కాబట్టి సుత్తులు సంచుల్లోంచి తీయొద్దని మా సార్ ముందే చెప్పారు. మంచిదే అయింది. సుత్తి చేతిలో ఉంటే కొడతాం, లేకపోతే చూస్తాం.

ఒక వాలు బండ మీద అరచేతి వెడల్పు పెగ్మటైట్ చార ఉంది. పదకొండు గంటల ఎండ ఏటవాలుగా పడుతోంది. సార్ నన్ను పిలిచి, ఈ గింజ చూస్తూ అటు నుంచి ఇటు నడువమ్మా అన్నారు. నడిచాను. మొదట ఎడమ సగం అద్దంలా వెలిగింది. నాలుగడుగులు వేశాక అది ఆరిపోయి, కుడి సగం వెలిగింది. మధ్యలో తిన్నటి గీత. నాకు ఒళ్ళు జలదరించింది. అది మా నాయన పలకలో గింజే! ఎవరూ జిగురు పెట్టని, ఎవరూ మెరుగు పెట్టని కొండ మీద.

దీన్ని కార్ల్స్‌బాడ్ కవల అంటారని సార్ చెప్పారు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, వేడినీటి బుగ్గలకి పేరుపడ్డ ఊరు కార్ల్స్‌బాడ్. ఆ చుట్టుపక్కల గ్రానైటు శిథిలమైతే ఇట్లాంటి జంట స్ఫటికాలు విడిగా రాలి నేలమీద దొరుకుతాయి. జర్మన్ కవి గోథే ఆ ఊరికి ఎన్నోసార్లు వెళ్ళి రాళ్ళు ఏరుకొచ్చేవాడు. ఆయన పేరు మీద గోథైట్ అని ఒక ఇనుప ఖనిజం కూడా ఉంది. కవికి రాళ్ళతో ఏం పని అని మా ఇంట్లో అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కవల అంటే ఏమిటి? పక్కపక్కన పెరిగిన రెండు స్ఫటికాలన్నీ కవలలు కావు. రెండు సగాలకీ మధ్య ఒక కచ్చితమైన నియమం ఉండాలి. కార్ల్స్‌బాడ్ కవలలో ఒక సగాన్ని దాని నిలువు అక్షం చుట్టూ సరిగ్గా 180 డిగ్రీలు తిప్పితే రెండో సగం ఉన్న తీరు వస్తుంది. పదార్థం ఒకటే, అల్లిక ఒకటే, చూసే దిక్కు మాత్రం వేరు. ఇది స్ఫటికం పెరిగేటప్పుడే, చిన్నప్పుడే జరిగిపోతుంది. అణువులు వరసలో చేరేటప్పుడు ఒకచోట తిరగబడి చేరితే, ఆ మీదట వచ్చేవన్నీ ఆ తిరగబడ్డ వరసనే పట్టుకుని పెరుగుతాయి.

మరి మెరుపు ఎందుకు మారుతుంది? ఫెల్డ్‌స్పార్‌కి కొన్ని దిక్కుల్లో నున్నగా చీలే గుణం ఉంది. ఆ చీలిక తలాలే లోపల చిన్న అద్దాల్లా వెలుగుని తిప్పికొడతాయి. కవలలో ఒక సగం తిరగబడి ఉంది కాబట్టి దాని అద్దాలు ఎదురు దిక్కుకి వాలి ఉంటాయి. పెంకుటింటి కప్పుని తలుచుకోండి. పొద్దున ఎండ ఒక వాలు మీద పడుతుంది, సాయంత్రం రెండో వాలు మీద. ఇల్లు ఒకటే. ఎంత పాలిష్ పట్టినా మెరుగు వచ్చేది పై తలానికే. దాని కిందున్న అద్దాల వాలు ఎక్కడికి పోతుంది?

ఇట్లాంటి నియమాలు ఇంకా ఉన్నాయి. బవేనో అని ఇటలీ ఊరి పేరు మీద ఒకటి, మానెబాక్ అని జర్మనీ ఊరి పేరు మీద ఒకటి. అవి అరుదు, నేను చూడలేదు, వదిలేస్తున్నాను.

సంస్కృతంలో జంట అనే అర్థంలో యమ శబ్దం ఉంది. యమళులు అన్నా కవలలే. మనం అలంకారాల్లో చదువుకున్న యమకం కూడా ఆ మాట నుంచి వచ్చిందే. అవే అక్షరాలు మళ్ళీ వస్తాయి, అర్థం మాత్రం మారుతుంది. స్ఫటికంలో అవే అణువులు మళ్ళీ వస్తాయి, దిక్కు మారుతుంది. పరీక్షలో యమకం లక్షణం రాయమంటే నేను ఇకమీదట తడబడను.

ఇక్కడిదాకా సులువైన భాగం. అసలు కథ ఆ గింజ పుట్టిన తర్వాత, చల్లారేటప్పుడు మొదలవుతుంది. నాయన ఓనరుని అడిగి, యార్డులో మూలన పడేసిన ఆ పలకలో గింజ ఉన్న మూల కోయించి తెచ్చాడు. దాని అంచున ఉన్న ఇంకో గులాబీ గింజ నుంచి ల్యాబులో సన్నటి రేకు ఒకటి చేశారు. రాయిని గాజు పలక మీద అంటించి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అంత పలుచనైతే రాయి కూడా గాజులా వెలుగుని పోనిస్తుంది. దాన్ని ధ్రువణ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను.

గళ్ళ లుంగీ! తెలుపు, బూడిద, నలుపు చారలు నిలువుగా, అడ్డంగా అల్లుకుని. స్ఫటికాన్ని తిప్పుతుంటే తెల్లవి నల్లబడుతున్నాయి, నల్లవి తెల్లబడుతున్నాయి. బయటికి ఒక్క ముక్కగా కనిపించే గింజ లోపల వేలకొద్దీ సన్నటి కవలలున్నాయి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని టార్టన్ అంటారు, వాళ్ళ స్కాట్లండు గళ్ళ గుడ్డని బట్టి. మా తాత కట్టుకునే లుంగీకి ఏం తక్కువ? నేను గళ్ళ కవలలు అనే అంటాను.

ఇవి ఎందుకు వచ్చాయో నాకు అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది. అర్థమైంది మా హాస్టల్ మెస్సులో.

పొటాషియం ఫెల్డ్‌స్పార్ అల్లికలో ప్రతి నాలుగు స్థానాల్లో మూడింట్లో సిలికాన్, ఒకదానిలో అల్యూమినియం ఉంటుంది. నాలుగు కుర్చీల మెస్సు బల్లలు వరసగా వేసి ఉన్నాయనుకోండి. ప్రతి బల్లకీ కిటికీ వైపు రెండు కుర్చీలు, గోడ వైపు రెండు. ఒక్కో బల్ల దగ్గర ముగ్గురు సిలికాన్ అమ్మాయిలు, ఒక అల్యూమినియం అమ్మాయి. 600, 700 డిగ్రీల వేడిలో స్ఫటికం పుట్టినప్పుడు అల్యూమినియం అమ్మాయి ఏ బల్ల దగ్గర ఏ కుర్చీలో ఉంటుందో లెక్క లేదు. మొత్తం హాలు దూరం నుంచి చూస్తే కుడి ఎడమలు సమానం. మధ్యలో అద్దం పెడితే ఒక సగం రెండో సగానికి ప్రతిబింబం. ఈ దశలో దాని పేరు సానిడిన్. అగ్నిపర్వతాల నుంచి వచ్చి గబుక్కున చల్లారిన రాళ్ళలో ఇది ఇట్లాగే నిలిచిపోతుంది, మారడానికి వ్యవధి దొరకదు.

నెమ్మదిగా చల్లారితే అల్యూమినియం అమ్మాయిలకి కిటికీ వైపు కుర్చీలు నచ్చడం మొదలవుతుంది. గోడ వైపు తగ్గిపోతారు. కానీ కిటికీ వైపు రెండు కుర్చీల్లో కుడిదా ఎడమదా అన్నది ఇంకా తేలలేదు, సగంమంది అటు, సగంమంది ఇటు. కాబట్టి అద్దం సరిచూపు ఇంకా చెడలేదు. ఇది ఆర్థోక్లేజ్ దశ అనుకోవచ్చు.

ఇంకా చల్లారి, దాదాపు 500 డిగ్రీల దగ్గరికో ఇంకా కిందికో వచ్చేసరికి ఆ సమానత్వం నిలవదు. అల్యూమినియం ఒకే కుర్చీ ఎంచుకోవాలి. అందరూ ఎడమే, లేదా అందరూ కుడే. ఆ క్షణాన అద్దం సరిచూపు పోతుంది, అల్లిక మొత్తం కొద్దిగా ఒక పక్కకి ఒరుగుతుంది. దీని పేరు మైక్రోక్లీన్, అంటే గ్రీకులో కొద్దిపాటి వాలు అని. నిజంగా కొద్దిపాటిదే. 90 డిగ్రీలుండే కోణం అర డిగ్రీలోపు మారుతుంది. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎడమా కుడా అని చెప్పేవాళ్ళెవరూ లేరు. రెండూ సమానమే. స్ఫటికంలో ఈ మూల బల్లలు ఎడమ అనుకుంటాయి, ఆ మూల బల్లలు కుడి అనుకుంటాయి. ఈ మూల ఇటు ఒరుగుతుంది, ఆ మూల అటు ఒరుగుతుంది. కానీ స్ఫటికం ఒక్కటే, విడిపోవడానికి వీల్లేదు. ఇటు ఒరిగిన భాగం అటు ఒరిగిన భాగాన్ని సందు లేకుండా కలుసుకోవాలి. అట్లా సందు లేకుండా కలిసే తలాలు రెండే రెండు, ఒకదానికొకటి సుమారు లంబంగా. ఒకటి, ఇంతకుముందు అద్దం ఉండిన తలం. దాని వెంట ఏర్పడేది ఆల్బైట్ కవల. రెండోది, పోయిన తిరుగుడు అక్షాన్ని తనలో ఉంచుకున్న తలం. దాని వెంట ఏర్పడేది పెరిక్లీన్ కవల. రెండు రకాలూ ఒకేసారి నిలువూ అడ్డమూ పుడితే గళ్ళ లుంగీ.

ఇక్కడ నేను కాసేపు పుస్తకం మూసేశాను. స్ఫటికం ఏ సౌష్ఠవాన్ని పోగొట్టుకుందో, సరిగ్గా అదే కవల నియమమై మళ్ళీ కనిపిస్తోంది. అద్దం పోయింది, కానీ పక్కపక్కనున్న రెండు చారలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. అందుకే మైక్రోక్లీన్‌లో గళ్ళు కనబడితే, ఇది పుట్టినప్పుడు ఇట్లా లేదు, వేడిగా ఉన్నప్పుడు దీనికి అద్దం సరిచూపు ఉండేది అని ధైర్యంగా చెప్పొచ్చు. మొదటినుంచీ చల్లగా, ఒరిగిన అల్లికతోనే పుట్టి ఉంటే ఈ గళ్ళు రావలసిన పనే లేదు.

కుర్చీ మారడం నేను రాసినంత సులువు కాదు. సిలికాన్, ఆక్సిజన్ మధ్య బంధం చాలా గట్టిది. అది తెగి మళ్ళీ కట్టుకుంటేగానీ అల్యూమినియం కదలలేదు. పొడిగా ఉన్న రాతిలో అది జరగడం దాదాపు అసాధ్యం. నీళ్ళు తోడుంటే ఆ బంధాలు తెగడం సులువవుతుంది. పెగ్మటైట్‌లో నీళ్ళకి కొదవ లేదని ముందే చెప్పాను కదా. అందుకే పెగ్మటైట్లలో దొరికే గులాబీ, తెల్ల ఫెల్డ్‌స్పార్ చాలావరకు మైక్రోక్లీన్ దశ దాకా వచ్చేసి ఉంటుంది.

అదే రేకులో ఇంకోటి కూడా కనిపించింది. గళ్ళతో సంబంధం లేకుండా వంకర టింకరగా తెల్లటి పోగులు. పలక మీద కూడా కంటికి కనబడతాయి, గులాబీ మాంసంలో కొవ్వు చారల్లా. వేడిగా ఉన్నప్పుడు పొటాషియం, సోడియం రెండూ ఒకే స్ఫటికంలో సర్దుకుంటాయి. చల్లారితే పొసగవు. పొటాషియం పరిమాణం పెద్దది, సోడియం చిన్నది, చల్లబడి బిగుసుకున్న అల్లికలో ఇద్దరికీ చాలదు. సోడియం అంతా వేరై సన్నటి ఆల్బైట్ పోగులుగా విడిపోతుంది. కెనడాలో పెర్త్ అనే ఊరి పేరు మీద దీన్ని పెర్థైట్ అంటారు. ఘనపదార్థం లోపలే, కరగకుండానే, ఇంత వలస జరగడం నాకు ఇప్పటికీ వింతే. ఆ ఆల్బైట్ పోగుల్లో మళ్ళీ సన్నటి సమాంతర కవలలు. అవి వేరే కథ.

అంటే ఆ బొటనవేలంత గింజలో మూడు కాలాలున్నాయి. పెరిగేటప్పుడు పడ్డ పెద్ద కార్ల్స్‌బాడ్ గీత. చల్లారుతూ విడిపోయిన తెల్ల పోగులు. ఇంకా చల్లారి, ఏ కుర్చీయో తేల్చుకోలేక పడ్డ గళ్ళు. మా నాయన కూలి కోయడానికి పనికొచ్చింది వీటిలో మొదటిది. మిగతా రెండూ కస్టమరుకి కనబడలేదు, మా అదృష్టం.

మార్చిలో ఒక శనివారం నేను యూనిట్‌కి వెళ్ళాను. నాయన వద్దన్నాడు. "ఆయన ముందర మాట్లాడితే ఏమన్నా అనుకుంటాడు పాపా, పని చెయ్యాల్సింది నేను." నేను వాదించడానికి పోలేదు, చూపించడానికి పోయాను. ఒక టార్చి, ఒక చెంబుడు నీళ్ళు, ఆ రాయి ముక్క తీసుకుని. ఓనరు మంచాయనే, తొందర మనిషి. కన్నడంలో అడిగాడు, ఏం తెచ్చావమ్మా అని. కన్నడంలోనే చెప్పాను.

మొదట టార్చి. రాయికి ఒక పక్కన పట్టుకుంటే ఈ సగం వెలిగింది, రెండో పక్కకి జరిపితే ఆ సగం. అతుకైతే ఇట్లా తిరగబడి వెలగదు అని కాదు నేను చెప్పింది, ఎందుకంటే రెండు వేరే ముక్కలు అంటించినా వెలుగు తేడా రావచ్చు. అసలు గుర్తు గీత ఎక్కడ ఆగుతుందన్నది. కవల గీత గింజ అంచు దగ్గర ఆగిపోతుంది. పక్కనున్న పలుగురాయిలోకి ఒక వెంట్రుక కూడా పోదు. పగులుకి గింజ హద్దులు తెలియవు, అది పలుగురాయినీ అభ్రకాన్నీ కోసుకుంటూ పోతుంది. అతుకూ అంతే, పలక మొత్తం ఆ గీత వెంట సాగాలి. రెండోది నీళ్ళు. రాయంతా తడిపి గుడ్డతో తుడిస్తే, పగులు ఉన్నచోట నీళ్ళు లోపలికి దిగి కాసేపు నల్లటి గీతలా నిలుస్తుంది. మా ముక్క మీద ఏ గీతా నిలవలేదు. మూడోది గోరు. గోరు అడ్డంగా గీస్తే అతుకు దగ్గర జిగురు తగులుతుంది, కొంచెమైనా మెట్టు తెలుస్తుంది. ఇక్కడ నున్నగా జారిపోయింది. ఓనరు తన గోరుతో తానే గీసుకుని చూశాడు, రెండుసార్లు.

నాయన మెషిను దగ్గర నిలబడి మమ్మల్ని చూడనట్టు చూస్తున్నాడు.

ఓనరు టార్చి నా చేతిలోంచి తీసుకుని యార్డులో ఉన్న ఇంకో రెండు పలకల మీద వేసి చూశాడు. ఒకదాని మీద అట్లాంటిదే దొరికింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నాయనతో, ఇకమీద ఇట్లాంటి గింజ ఉంటే లోడు ఎక్కించక ముందే పార్టీకి టార్చి వేసి చూపించు అన్నాడు. మూడు రోజుల కూలి మాట ఎత్తలేదు. నేను ఎత్తుదామనుకున్నాను, నాయన కళ్ళతోనే వద్దన్నాడు. ఆ డబ్బు ఈ రోజు వరకు రాలేదు.

నాయన ఇప్పుడు చొక్కా జేబులో చిన్న టార్చి పెట్టుకుని పోతాడు. పోయిన నెల గుళూరు నుంచి వచ్చిన ఒకావిడకి ఆయనే చూపించాడట, "అతుకు కాదమ్మా, అది కవల, పుట్టుకతోనే అట్ల" అని. ఆవిడ ఏరి ఏరి ఆ గింజ ఉన్న పలకే తీసుకుందట.

ఆ రాయి ముక్క శుక్రవారం వరకు గోడపత్రిక కింద బల్ల మీద ఉంటుంది. పక్కనే టార్చి కూడా పెట్టాను, సెల్లు అయిపోతే నన్ను అడగండి. టార్చి ఎదురుగా పట్టుకోవద్దు, పక్కనుంచి ఏటవాలుగా వెయ్యాలి. గళ్ళు చూడాలనుకునేవాళ్ళు బుధవారం మధ్యాహ్నం జియాలజీ ల్యాబుకి రండి, రేకు మీద మా క్లాసు పేరు రాసి ఉంటుంది. దయచేసి రాయిని ఎవరూ ఇంటికి తీసుకుపోవద్దు. అది మా నాయనది.